చమ్మకార విధికుడి పూర్ణఘటం
అమరావతి రాళ్ళను కిందనుంచి చదవడం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మాదిగ పిల్లవాడు పైచదువు కోసం కుల ధృవీకరణ పత్రం తెచ్చుకుంటాడు. ఆ కాగితం మీద రాష్ట్ర ప్రభుత్వ చిహ్నం వుంటుంది. ఆ చిహ్నం మధ్యలో ఒక కుండ వుంటుంది. దాన్ని పూర్ణఘటం అంటారు. 2018 నవంబరులో ఈ చిహ్నాన్ని ఖరారు చేసినప్పుడు, ఇది అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్నదని ప్రభుత్వమే చెప్పింది.

అమరావతి శిథిలాల్లో దొరికిన ఒక పూర్ణఘటం పలక మీద, దాన్ని చేయించినవాడి పేరు చెక్కి వుంది. అతను తోలుపని చేసేవాడు. పేరు విధికుడు. తన పేరుకంటే ముందు తన పని పేరు చెక్కించుకున్నాడు. ప్రాకృతంలో చమ్మకార అంటే చర్మకారుడు.

ప్రభుత్వ చిహ్నానికి విధికుడి పలకే నమూనా అని మేం అనడం లేదు. పూర్ణఘటం అమరావతిలో చాలా పలకల మీద వుంది, ఇతర బౌద్ధ క్షేత్రాల్లోనూ వుంది. మేం అనేది ఒక్కటే. కుండను రాష్ట్రం గుర్తుపెట్టుకుంది. ఆ కుండను చెక్కించి ఇచ్చినవాళ్ళలో ఒక చర్మకారుడున్నాడనే సంగతిని గుర్తుపెట్టుకోలేదు. ఆ పిల్లవాడి చేతిలో వున్న కాగితం మీద రెండూ పక్కపక్కనే వున్నాయి. పైన కుండ, కింద కులం. ఈ రెండింటికీ వున్న సంబంధం అతనికి ఎవరూ చెప్పలేదు.

మనం చదువుకున్న పాఠాల్లో అమరావతి అంటే శాతవాహనుల కళ. రాజు పేరు, రాజ్యం పేరు, శైలి పేరు వస్తే మార్కులొచ్చేవి. చెక్కించినవాడెవడు, చెక్కినవాడెవడు, రాయి మోసినవాడెవడు అన్న ప్రశ్నలు పరీక్షలో ఎప్పుడూ రాలేదు. రాని ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పరు. ఈ వ్యాసంలో ఆ మూడు ప్రశ్నలే వేసుకుంటున్నాం. మూడింటికీ ఒకేలా జవాబు దొరకదని ముందే చెప్తున్నాం. ఎందుకు దొరకదన్నదే అసలు చరిత్ర.

రాయి, పని

కృష్ణానది దక్షిణపు ఒడ్డున, ధరణికోట పక్కన వుంది అమరావతి స్తూపం. శాసనాల్లో ఊరి పేరు ధాన్యకటకం. స్తూపం క్రీస్తుపూర్వం మొదలై, క్రీ.శ. మూడో శతాబ్దం దాకా పెరుగుతూ, మారుతూ వచ్చింది. అంటే ఒక రాజు ఒక ముహూర్తంలో కట్టించినది కాదు. తరాల తరబడి జనం చేర్చుకుంటూ పోయినది.

స్తూపం చుట్టూ రాతి కంచె వుండేది. దాని వ్యాసం దాదాపు 59 మీటర్లు. నిలువు స్తంభాలు, రెండు స్తంభాల మధ్య మూడేసి అడ్డపట్టెలు, వాటి పైన వరసగా దూలాలు. వడ్రంగి కొయ్యతో కట్టే దడిని రాతిలో కట్టినట్టు వుంటుంది. స్తంభం మధ్యలో విచ్చుకున్న నిండు తామర, పైనా కిందా సగం తామరలు. అడ్డపట్టెల మీద కూడా తామరలే. పైదూలం పొడవునా మెలికలు తిరుగుతూ పోయే లావుపాటి పూలదండ. ఆ దండను భుజాల మీద మోస్తున్న మనుషులు. కంచెకు బయటివైపు చెక్కడం కాస్త తక్కువ. లోపలివైపు బుద్ధుడి జీవితం, జాతక కథలు. స్తూపం కింది భాగానికి అతికించిన పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. అసలు స్తూపం కూలిపోయినా అది ఎలా వుండేదో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఆ పలకల వల్లనే.

రాయి పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ వున్న తెలుపు. నున్నటి రేణువు కాబట్టి ఉలికి లొంగుతుంది. అందుకే ఒక చిన్న పలకలో గుంపులు గుంపులుగా మనుషుల్ని, ఏనుగుల్ని, చెట్లను ఇరికించగలిగారు. చెవిపోగు, తలపాగా మడత, దూడ మెడ వంపు కూడా పోకుండా చెక్కగలిగారు. ఇదే సున్నపురాయిని ఇవాళ పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చి సున్నం చేస్తున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలకు పోసేదీ పలనాటి సున్నపురాయే. రాతి పని చేసే చేతులు ఆ ప్రాంతంలో ఎప్పుడూ ఖాళీగా లేవు.

చెక్కించిందెవరు?

అమరావతిలో దొరికిన దాన శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో వున్నాయి. వాటిలో రాజుల పేర్లు తక్కువ. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు ఒక శాసనంలో వస్తుంది. అక్కడ కూడా కాలం చెప్పడానికి వస్తుందిగానీ దాత రాజు కాదు. దాతలు గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మే గంధికులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు. ఒకరు స్తంభం ఇచ్చారు, ఒకరు అడ్డపట్టె ఇచ్చారు, ఒకరు పైదూలం ఇచ్చారు, ఒకరు దీపస్తంభం ఇచ్చారు. స్త్రీల పేర్లు కొల్లలుగా వున్నాయి. తల్లులు, కూతుళ్ళు, భిక్షుణులు సొంత పేర్లతో కనిపిస్తారు.

ఇంతమందికి ఇచ్చే స్తోమత ఎక్కడిది? ధాన్యకటకం వ్యాపార పట్నం. 1960లలో ధరణికోటలో జరిపిన తవ్వకాల్లో పడవలు కట్టే రేవు బయటపడింది. నది వెంబడి సముద్రానికి, సముద్రం మీదుగా పరదేశాలకు సరుకు పోయేది. సరుకు పోవాలంటే బండ్లు కావాలి, బండ్లకు వార్లు కావాలి, నీళ్ళకు తిత్తులు కావాలి, కాళ్ళకు చెప్పులు కావాలి. తోలు లేకుండా ఏ బిడారూ కదలదు. అలాంటి పట్నంలో చర్మకారుడి దగ్గర నాలుగు డబ్బులు మిగలడం వింత కాదు.

విధికుడి శాసనంలో ఏముందో మన మాటల్లో చెప్పుకుందాం. చర్మకారుడు, నాగ ఉపజ్ఝాయుడి కొడుకు అయిన విధికుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టపక్కాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చిన ధర్మం ఈ పూర్ణఘటం పలక. అంతే. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడని తెలుస్తుంది. తండ్రి పేరుతో ఉపజ్ఝాయ అన్న మాట వుంది. బౌద్ధ సంఘంలో దీక్ష ఇచ్చే గురువును అలా పిలుస్తారు. చర్మకారుడి తండ్రి పేరు పక్కన గురువు అన్న మాట రాయి మీద వుందన్నమాట. చదువు మనకు నిన్నమొన్న దొరికిందని చెప్పేవాళ్ళు ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి.

ఇంకా ముఖ్యమైనది చమ్మకార అన్న మాట. దీన్ని మామూలు వృత్తి పేరుగా చదివి వదిలెయ్యకూడదు. పాళీ వినయపిటకంలో, ఒక భిక్షువు ఇంకొక భిక్షువును కించపరుస్తూ మాట్లాడకూడదన్న నియమం వుంది. ఏ మాటలతో కించపరుస్తారో అక్కడే జాబితా వుంది. హీన జాతులుగా చండాల, వేణ, నిషాద, రథకార, పుక్కుసులను చెప్పారు. హీన శిల్పాలుగా గంపలల్లడం, కుండలు చెయ్యడం, బట్ట నెయ్యడం, తోలుపని, మంగలిపని చెప్పారు. తిట్టడం తప్పు అని నియమం చెప్తోంది. నిజమే. అయితే ఆ మాట తిట్టుగా చెలామణిలో వుండబట్టే గదా నియమం పెట్టాల్సొచ్చింది!

అంటే సంఘం లోపల కూడా తిట్టుగా వాడే వీలున్న మాటను విధికుడు తన పేరుకు ముందు పెట్టించుకున్నాడు. వట్టి విధికుడు అని చెక్కించుకుంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గృహపతి అనో ఉపాసకుడు అనో చెక్కించుకోవచ్చు. అతను చమ్మకార అన్నాడు. వందల ఏళ్ళు నిలిచే రాయి మీద, జనం ప్రదక్షిణ చేసే చోట అన్నాడు.

ఈ పని మనకు కొత్తగా లేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరు చివర మాదిగ అని పెట్టుకోవడం ఆ ఉద్యమం నేర్పిన మొదటి పాఠం. అప్పటిదాకా ఊళ్ళో తిట్టుగా వినపడిన మాట సభల్లో, కరపత్రాల్లో, గోడల మీద పేరై నిలబడింది. దండోరా డిమాండ్ల మీద దళితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. అది వేరే చర్చ. తిట్టును పేరుగా మార్చుకునే ధైర్యం గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం. విధికుడికీ ఈదుముడికీ మధ్య వంశవృక్షం గీయలేం, గీయనక్కర్లేదు. అప్పటి చమ్మకారుడూ ఇప్పటి మాదిగ ఒకటే అని శాసనం చెప్పదు. పోలిక రక్తంలో కాదు, చేసిన పనిలో వుంది.

చెక్కిందెవరు?

ఇక్కడ మనం జాగ్రత్తపడాలి. విధికుడు దొరికాడు గనక బౌద్ధకాలంలో కులం లేదు, అంతా సమానమే అని ఎగిరి గంతెయ్యకూడదు. అగ్రకుల చరిత్రకారులకు వేదకాలం స్వర్ణయుగం అయితే మనకు బౌద్ధకాలం స్వర్ణయుగం అనుకోవడం సులువు. స్వర్ణయుగాలు కట్టుకోవడం వాళ్ళ పద్ధతి. మనకు కావలసింది నిజం.

నిజం ఏమిటంటే, అమరావతి రాళ్ళమీద ఇచ్చినవాళ్ళ పేర్లు దండిగా వున్నాయి, చెక్కినవాళ్ళ పేర్లు అరుదు. మోసినవాళ్ళ పేర్లు అసలే లేవు. పలనాటి గనిలో రాయి పగలగొట్టినవాడు, దాన్ని ఒడ్డుదాకా దొర్లించినవాడు, స్తంభాన్ని తాళ్ళతో లేపి నిలబెట్టినవాడు ఎక్కడా లేరు. పైదూలం మీద పూలదండ మోస్తున్న మనుషుల్ని చూసినప్పుడు మాకు వాళ్ళే గుర్తొస్తారు. దండ మోసేవాడి బొమ్మ వుంది, దూలం మోసినవాడి పేరు లేదు.

పూర్తిగా చీకటి కూడా కాదు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన పెద్ద శాసనం వుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ ఏట, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో వేసినది. ఆమె కట్టించిన చైత్యగృహాలూ మండపాలూ చెరువూ అన్నీ వరసగా చెప్పి, పని చూసుకున్న ముగ్గురు థేరుల పేర్లు చెప్పి, చివర్న ఇది రాతిపనివాడు విధికుడి పని అని ముగించారు. శాసనంలో మాట సేలవఢకి. సేల అంటే శిల, వఢకి అంటే పనివాడు. పేరు మళ్ళీ విధికుడే. అమరావతి చర్మకారుడూ ఇతనూ ఒకరు కారు. ఆ రోజుల్లో పనిపాటల వాళ్ళు పెట్టుకునే పేర్లలో అదొకటని మాత్రం తెలుస్తోంది. ఒక విధికుడు రాయి ఇచ్చాడు, ఇంకొక విధికుడు రాయి చెక్కాడు. మొదటివాడి పేరు అతని సొంత సొమ్ముతో రాయెక్కింది. రెండోవాడి పేరు అంత పెద్ద శాసనంలో చిట్టచివరి మాటగా ఎక్కింది.

జగ్గయ్యపేట స్తూపంలో ఇంకొక మెట్టు పైకి కనపడుతుంది. అక్కడ తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు ఇచ్చినవాడు సిద్ధార్థుడు. అతను ఆవేసని. అంటే కార్ఖానా నడిపే మేస్త్రీ. తండ్రి కూడా ఆవేసనే. వీరపురుషదత్తుడి 20వ ఏట వేసిన ఆ శాసనంలో అతని ఊరు కమ్మకరాష్ట్రంలో వుందని చెప్పుకున్నాడు. ఇవాళ్టి గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తర్వాతి కాలపు కమ్మనాడుకు ఇది తొలి రూపం. ఆ మాట అప్పటికి నేల పేరు. నేల పేరు కులం పేరుగా మారిన చరిత్ర అందరికీ తెలిసిందే. ఆ నేలకు తన శాసనంలో పేరు పెట్టి మనదాకా చేర్చినవాళ్ళలో ఒక మేస్త్రీ వున్నాడన్న సంగతి ఎవరూ చెప్పరు.

సాంచీలో కూడా ఇదే వరస. దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు దగ్గర పనిచేసే ఆవేసని ఆనందుడి పేరుంది, విదిశ దంతపు పనివాళ్ళు చెక్కిన పని అని ఇంకొక శాసనం వుంది. మేస్త్రీకి, బృందానికి చోటు దొరికింది. కూలివాడికి దొరకలేదు.

లోకంలో అన్నిచోట్లా ఇలాగే జరిగిందా? జరగలేదు. గ్రీసు దేశంలో ఏథెన్స్ కొండమీద ఎరెక్తియోన్ అనే గుడి వుంది. క్రీ.పూ. 409 నుంచి దాన్ని పూర్తిచేస్తున్నప్పుడు ఖర్చుల పద్దు మొత్తం రాయి మీద చెక్కి జనం ముందు పెట్టారు. ఏ స్తంభానికి గాడులు ఎవరు తీశారు, గోడ పైభాగాన అతికించిన బొమ్మ ఒక్కొక్కదానికి ఎంత ఇచ్చారు అన్నీ రాశారు. బొమ్మకు 60 ద్రాక్మాలు, రోజుకూలి ఒక ద్రాక్మా. ఏ వర్గమో తెలిసిన పనివాళ్ళు 86 మంది. వాళ్ళలో పౌరులు 24 మంది, పరాయి ఊళ్ళనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు 42 మంది, బానిసలు 20 మంది. ఒకే స్తంభం దగ్గర యజమానీ బానిసా పక్కపక్కన కూర్చుని పనిచేశారు, ఇద్దరి పేర్లూ పద్దులో వున్నాయి, ఇద్దరికీ కూలి ఒకటే.

దీన్ని చూసి ఏథెన్స్ గొప్పదని మురిసిపోనక్కర్లేదు. బానిస పేరు మీద రాసిన కూలి బానిస చేతికి వచ్చిందని కాదు, యజమాని దానిమీద హక్కుదారు. అయినా ఒక తేడా గమనించాలి. ఏథెన్స్ రాయి కూలిని లెక్కపెట్టింది. అమరావతి రాయి పుణ్యాన్ని లెక్కపెట్టింది. కూలిని లెక్కపెట్టిన చోట బానిస పేరు కూడా మిగిలింది. పుణ్యాన్ని లెక్కపెట్టిన చోట ఇవ్వగలిగినవాడి పేరే మిగిలింది. చర్మకారుడైనా సరే, ఇవ్వగలిగాడు గనక మిగిలాడు. ఇవ్వడానికి చేతుల్లో చెమట తప్ప ఏమీ లేనివాడు మిగల్లేదు. విధికుడి శాసనం మన గెలుపూ, మన హద్దూ రెండూ చూపిస్తోంది.

ఆ తర్వాత ఏమైంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. స్తూపానికి పలక ఇచ్చి, పని పేరు చెప్పుకుని, గురువు కొడుకునని చెప్పుకున్న చర్మకారుడు ఎప్పుడు, ఎలా ఊరి బయటికి పోయాడు?

పూర్తి జవాబు ఒక్క వ్యాసంలో దొరకదు. ఒక దారి మాత్రం కనపడుతోంది. నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన రాగిరేకులు నాలుగో శతాబ్దపు తొలినాళ్ళవి. పల్లవ యువరాజు శివస్కందవర్మ కాంచీపురం నుంచి ఆజ్ఞ పంపుతున్నాడు. ఎక్కడి అధికారికి? ధాన్యకటకంలో వున్న అధికారికి. ఏమని? విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు ఇచ్చాం, అక్కడ ఉప్పు తవ్వడానికి ఎవరూ పోకూడదు, సైనికులు అడుగుపెట్టకూడదు అని. అదే పట్నం. రెండు మూడు తరాల ముందుదాకా స్తూపానికి వర్తకులూ పనివాళ్ళూ పలకలు ఇచ్చిన పట్నం. ఇప్పుడు ఊళ్ళకు ఊళ్ళు దానం ఇచ్చే కేంద్రమైంది. దాత మారాడు, గ్రహీత మారాడు, రాసే వస్తువు మారింది. అందరూ నడిచే దారిలో నిలబెట్టిన రాయి పోయి, ఒక ఇంట్లో దాచుకునే రాగిరేకు వచ్చింది.

ఒక్క రాగిరేకుతో లోకం తలకిందులైపోలేదు. ఇక్ష్వాకుల్లో రాణులు స్తూపాలు కట్టిస్తుంటే తొలి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. రెండూ ఒకే ఇంట్లో నడిచాయి. ధాన్యకటకంలో బౌద్ధం కూడా ఒక్కసారిగా ఆరిపోలేదు. 1182లో కోట కేతరాజు బుద్ధుడికి దీపాలు పెట్టించిన శాసనం అమరావతిలోనే వుంది. కానీ సముద్ర వ్యాపారం సన్నగిల్లి, పట్నాలు చిక్కి, భూమి ఒక్కటే సంపద అయ్యేకొద్దీ పనివాడు పట్నం వదిలి పల్లెకు, రైతు వాకిటికి కట్టుబడ్డాడు. చేజెర్లలో ఇటుకలతో కట్టిన బౌద్ధ చైత్యం కపోతేశ్వరాలయం అయింది. గోడలు అవే, లోపలికి ఎవరు పోవచ్చో మారిపోయింది.

పట్నంలో వున్నప్పుడు చర్మకారుడు సరుకు అమ్ముకునేవాడు. బేరం కుదరకపోతే ఇంకొకరికి అమ్మేవాడు. పల్లెలో రైతుకు చెప్పులు, పగ్గాలు, మోటకు తోలుసంచి ఇచ్చి, కళ్ళంలో వాళ్ళు ఎంత కొలిస్తే అంత గింజ తెచ్చుకునేవాడయ్యాడు. తోలు అదే, పనితనం అదే. బేరమాడే హక్కు పోయింది. హక్కు పోయినవాడి పనిని మైల అనడం తేలిక. మైల వల్ల దరిద్రం వచ్చిందని మనకు చెప్తారు. విధికుడి పలకను మైదవోలు రాగిరేకు పక్కన పెట్టి చూస్తే, దరిద్రంలోకి నెట్టిన తర్వాతే మైల బిగిసిందని మాకు అనిపిస్తోంది. దీన్ని ఇంకా తవ్వాలి.

రాళ్ళు పోయిన దారి

18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కొత్త ఊరు కడుతున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను రాళ్ళకోసం తవ్వారు. ఆ కబురు విని 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో మనుషుల్ని తెచ్చి బొమ్మలు గీయించాడు. ఈ మధ్యలో చాలా పలకలు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం కోసం కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. 1859లో 121 ముక్కలు లండన్ చేరాయి. 1867లో ఫెర్గుసన్ చూసేటప్పటికి అవి ఒక గుర్రపుశాలలో పడివున్నాయి. ఇవాళ అమరావతి రాళ్ళు ఎక్కువభాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ వున్నాయి.

ప్రకాశం జిల్లా చందవరం స్తూపం నుంచి దొంగిలించిన ఒక పలక ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా పోయి, 2016లో వెనక్కి ఇస్తున్నట్టు ప్రకటించారు. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండమీదికి చేర్చి, లోయను నీళ్ళకు వదిలేశారు. రాతిపనివాడు విధికుడు ఉలి పట్టిన ఆ లోయ మీద నిలిచిన నీళ్ళే సాగర్ కుడికాలువలో పారి గుంటూరు, ప్రకాశం పొలాల్లో పత్తి, మిరప పండించాయి. ఆ పత్తి తీసినవాళ్ళు, ఆ మిరపకాయ కోసినవాళ్ళు ఎక్కువమంది మాల, మాదిగ వాడల ఆడవాళ్ళు. ఆ పంటతో ఎవరు మేడలు కట్టారో వాళ్ళ పేర్లు మేడల మీద వున్నాయి.

1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైందో మరిచిపోకూడదు. తాగేనీళ్ళ చెరువు దగ్గర. నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు కొట్టడానికి వస్తే ఒక మాదిగ స్త్రీ చేతిలో వున్న బిందె అడ్డం పెట్టింది. దానికి బదులుగా జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నిండుకుండను శుభమని రాయి మీద చెక్కించిన దాతల్లో చర్మకారుడున్న నేల ఇది. ఆ నేల మీదనే మాదిగ ఆడమనిషి చేతిలో బిందె నేరమైంది.

మన రాళ్ళు

ఇప్పుడు మన వాడల్లోకి రండి. చర్చి గోడకు ఒక పలక వుంటుంది. అంబేద్కర్ విగ్రహం దిమ్మెకు ఒక పలక వుంటుంది. చీమకుర్తి నల్లరాయి అయితే మెరుస్తూ వుంటుంది, లేకపోతే మామూలు రాయి. దాని మీద దాతల పేర్లు, భార్యల పేర్లు, చనిపోయిన తల్లిదండ్రుల జ్ఞాపకార్థం అన్న మాట, పక్కన అంకె. వెయ్యినూటపదహార్లు, అయిదొందలు. మిరప కోతల డబ్బులోంచి తీసి ఇచ్చినవాళ్ళు ఎందరో. చదివి చూస్తే విధికుడి శాసనం ఎలా నడుస్తుందో ఇదీ అలాగే నడుస్తుంది. తల్లితో, భార్యతో, బిడ్డలతో, చుట్టాలతో. ఎవరూ వాళ్ళకు అమరావతి శాసనాలు చూపించి నేర్పలేదు. అందరూ చూసే చోట తనవాళ్ళందరితో కలిసి పేరు నిలపాలన్న కోరిక ఎవరూ నేర్పకుండానే మన దగ్గరుంది.

విధికుడి కాలంలో జరిగిన తప్పే మన పలకల మీదా జరుగుతోంది. ఇచ్చినవాళ్ళ పేర్లుంటాయి, దిమ్మె కట్టిన తాపీమేస్త్రీ పేరుండదు, రాయి చెక్కినవాడి పేరుండదు, చీమకుర్తి గనిలో బండ పగలగొట్టినవాడి పేరుండదు. నూరు రూపాయలు కూడా ఇవ్వలేక మూడు రోజులు మట్టి మోసిన ముసలావిడ పేరుండదు. అగ్రకులాల చరిత్రను నిలదీసే మనం, మన రాళ్ళ దగ్గర కూడా ఆ ప్రశ్న వేసుకోవాలి.

అందుకని మిత్రుల ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, ఉపాధ్యాయులు రాష్ట్ర చిహ్నం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు కుండతోపాటు చమ్మకార విధికుడి పేరు కూడా చెప్పాలి. పాఠ్యపుస్తకంలో లేదని ఆగనక్కర్లేదు. రెండు, విద్యార్థులు తమ ఊళ్ళో చర్చి పలకలూ విగ్రహం దిమ్మెల పలకలూ సమాధిరాళ్ళూ చూసి రాసుకోవాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న చంపిన ఎనిమిది మందిని ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. రాజుల శాసనాలను అచ్చువేసినంత శ్రద్ధగా మన నేల మీది గుర్తులను మనమే అచ్చువెయ్యాలి. మూడు, ఇకమీదట మనం నిలబెట్టే ప్రతి రాయి మీదా ఇచ్చినవాళ్ళ పేర్ల కింద కట్టినవాళ్ళ పేర్లు, మోసినవాళ్ళ పేర్లు కూడా వెయ్యాలి. నాగార్జునకొండ శాసనం చిట్టచివర ఒక్క రాతిపనివాడికి చోటు దొరికింది. ఆ చోటును మనం పెద్దది చెయ్యగలం.

మొదట్లో చెప్పుకున్న పిల్లవాడి కాగితం దగ్గరికి మళ్ళీ వద్దాం. పైన కుండ, కింద కులం. అతను అది పట్టుకుని కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడతాడు. లోపలివాళ్ళు ముందు కింద వున్న మాట చదివి, తర్వాత అతని మొహం చూస్తారు. ఆ కుండను రాయి మీద చెక్కించినవాళ్ళలో ఒకడు తోలుపని చేసినవాడనీ, ఆ పని పేరు తన పేరుకంటే ముందు పెట్టుకున్నాడనీ పిల్లవాడికి తెలిసివుంటే, కిటికీ ముందు తల దించుకుని నిలబడడు. చరిత్ర రాసేవాళ్ళుగా మేం చెయ్యగలిగింది, ఆ సంగతి అతనికి సమయానికి అందేలా చూడటం.